పేపర్‌ అయిపోతుంది, ఫోన్‌ అయిపోదు

ఈమధ్య ఒక పత్రికలో ఎన్నికల ఖర్చు మీద మంచి కథనం చదువుతున్నాను. కింద మూలన చిన్న క్యూఆర్‌ కోడ్‌, దాని పక్కన ‘పూర్తి పట్టిక కోసం స్కాన్‌ చేయండి’ అని ఉంది. కళ్లజోడు సర్దుకుని ఫోన్‌ తీశాను. ఆ కోడ్‌ కాస్తా సరిగ్గా పేపర్‌ మడత మీద పడింది. పేపర్‌ని బల్ల మీద పరిచి, అరచేత్తో మడతను చదును చేసి, మూడోసారికి గానీ స్కాన్‌ చేయలేకపోయాను. తీరా తెరుచుకున్నది పట్టిక కాదు, ఆ పత్రిక హోమ్‌పేజీ. పైన ఎవరో నటి పెళ్లి ఫొటోలు, కింద ఏదో మ్యాచ్‌ స్కోరు, మధ్యలో యాప్‌ డౌన్‌లోడ్‌ చేసుకోమంటూ సగం తెర కప్పేసిన పెట్టె. నేను చదువుతున్న కథనం మాత్రం లేదు. కాసేపు వెతికి, ఫోన్‌ పక్కన పడేసి మళ్లీ పేపర్‌ అందుకున్నాను.

చిన్న విషయమే. కానీ అచ్చు పత్రికలు పాతికేళ్లుగా వెబ్‌ పాఠకుడితో నడుపుతున్న వ్యవహారమంతా నాకు ఆ నల్లచుక్కల గడిలోనే కనిపించింది. ఆ కోడ్‌ పెట్టినప్పుడు పాఠకుడి చేతిలో ఏముంది, అతనికి ఏం కావాలి అని ఎవరూ అనుకుని ఉండరు. ‘ప్రతి పేజీలో ఒకటి వేయండి’ అని డిజిటల్‌ వాళ్లు మెయిల్‌ పెట్టి ఉంటారు, పేజీ పెట్టేవాళ్లు వేసేసి ఉంటారు. నేనూ కొన్నేళ్లు ఒక పత్రిక డెస్క్‌లో పనిచేశాను కాబట్టి అలాంటి మెయిళ్లు ఎలా వస్తాయో తెలుసు, రాత్రి డెడ్‌లైన్‌ ముందు వాటికి ఎంత విలువ ఉంటుందో కూడా తెలుసు.

కాగితం నుంచి వెబ్‌కి ఇలా వంతెన కట్టాలన్న ముచ్చట కొత్తదేం కాదు. 2000లో అమెరికాలో క్యూక్యాట్‌ అని ఒక పరికరం వచ్చింది. పిల్లి ఆకారంలో ఉండే బార్‌కోడ్‌ రీడర్‌ అది. పత్రికలో ప్రకటన పక్కనున్న కోడ్‌ మీద దాన్ని గీస్తే కంప్యూటర్‌లో సంబంధిత వెబ్‌సైట్‌ తెరుచుకుంటుంది. వైర్డ్‌, ఫోర్బ్స్‌ పత్రికలు తమ చందాదారులకు దాన్ని ఉచితంగా పంపాయి. ‘డల్లాస్‌ మార్నింగ్‌ న్యూస్‌’ను నడిపే బెలో సంస్థ అందులో పెట్టుబడి కూడా పెట్టింది. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. ఆ పిల్లికి వైరుంది. అంటే పత్రిక చదవాలనుకున్న మనిషి కుర్చీ లోంచి లేచి, కంప్యూటర్‌ ముందుకొచ్చి, కోడ్‌ మీద గీతగీయాలి. వెబ్‌సైట్‌ పేరు టైప్‌ చేస్తే పోయేదానికి ఇంత తతంగమా అని జనం దాన్ని ముట్టుకోలేదు. పదేళ్ల తర్వాత టైమ్‌ పత్రిక వేసిన అతి చెత్త ఆవిష్కరణల జాబితాలో క్యూక్యాట్‌కి చోటు దక్కింది.

వైరు సమస్య ఇప్పుడు లేదు. క్యూఆర్‌ కోడ్‌ 1994లో జపాన్‌లో కార్ల విడిభాగాల లెక్క కోసం పుట్టింది, 2017 తర్వాత ఐఫోన్‌ కెమెరాయే దాన్ని నేరుగా చదివేస్తోంది. అయినా పత్రికల్లో పరిస్థితి అంతంతమాత్రమే. ఎందుకంటే ఇబ్బంది పరికరంలో లేదు. పేపర్‌ చదివేవాడికి ఆ క్షణంలో ఫోన్‌లోకి వెళ్లాలని ఉండదు. ఫోన్‌లో ఉన్నవాడి చేతిలో పేపర్‌ ఉండదు. వంతెన కట్టింది పత్రిక అవసరం కోసం.

ఇక ఈ-పేపర్‌ సంగతి. బ్రాడ్‌షీట్‌, అంటే పెద్ద సైజు పేపర్‌ పేజీని అరచేతిలో పట్టే తెర మీద పెట్టి చదవమంటే ఎలా ఉంటుందో అందరికీ అనుభవమే. రెండు వేళ్లతో సాగదీయాలి, మొదటి కాలమ్‌ అడుగుకి జరగాలి, మళ్లీ రెండో కాలమ్‌ తలకి ఎక్కాలి. అక్కడ ‘తరువాయి 7లో’ అని కనిపిస్తుంది. ఏడో పేజీకి వెళ్లి, మళ్లీ సాగదీసి, ఆ తరువాయి ఎక్కడుందో వెతుక్కునేసరికి మొదట్లో ఏం చదివామో మర్చిపోతాం.

ఇన్ని ఇబ్బందులున్నా ఈ-పేపర్‌ని వదలని పాఠకులున్నారు. డిజిటల్‌ మీటింగుల్లో వాళ్లను ‘పాతకాలం బ్యాచ్‌’ అని తీసిపారేయడం మామూలే. నాకైతే అసలు గుట్టు చెబుతున్నది వాళ్లేననిపిస్తుంది. మంచి వెబ్‌సైట్‌, వేగంగా తెరుచుకునే యాప్‌ పక్కనే ఉండగా, సాగదీసుకుంటూ మరీ పేజీ బొమ్మను ఎందుకు చదువుతారు? ఒకరిని అడిగితే, ‘ఇదైతే చివరి పేజీ వస్తుంది కదండీ’ అన్నారు.

పేపర్‌ అయిపోతుంది. చివరి పేజీ చదివి మడత పెట్టేస్తే ఈ రోజుకి తెలియాల్సినవి తెలిశాయన్న భరోసా ఉంటుంది. ఏది పెద్ద వార్తో, ఏది చిన్నదో ఎవరో కూర్చుని తేల్చిపెట్టారు. ఎనిమిది కాలమ్‌ల బ్యానర్‌ చూడగానే విషయం తీవ్రత తెలిసిపోతుంది, మూలన నాలుగు లైన్ల వార్తకి దాని విలువ దానిది. ఫోన్‌లో ఇవేవీ లేవు. యుద్ధం వార్తదీ, జుట్టు రాలకుండా చిట్కాలదీ ఒకే సైజు ఫొటో, ఒకే సైజు అక్షరం. వేలితో ఎంత తోసినా కింద ఇంకోటి వస్తూనే ఉంటుంది. వార్తలైతే తెచ్చి పోశారు గానీ, పేపర్‌ని పేపర్‌గా నిలబెట్టిన ఆ వరసనీ, ఆ ముగింపునీ ప్రెస్‌లోనే వదిలేసి వచ్చారు.

ఇలా వదిలేస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో ఇండిపెండెంట్‌ పత్రిక ఉదంతం చూపిస్తుంది. 2016 మార్చిలో ఆ పత్రిక అచ్చు ఆపేసి పూర్తిగా వెబ్‌కి మారింది. నీల్‌ థర్మన్‌, రిచర్డ్‌ ఫ్లెచర్‌ అనే ఇద్దరు పరిశోధకులు ఆ మార్పుకి ముందు, తర్వాత లెక్కలు తీశారు. మొత్తం పాఠకుల సంఖ్య తొలి ఏడాది తగ్గలేదు. కానీ బ్రిటన్‌ పాఠకులు ఆ పత్రిక మీద వెచ్చించే సమయం 81 శాతం పడిపోయింది. అచ్చు పత్రిక చదివేవాళ్లు రోజుకి 37 నుంచి 50 నిమిషాలు దాంతో గడిపేవాళ్లు. ఆన్‌లైన్‌కి వచ్చేవాళ్లు సగటున గడిపింది ఆరు నిమిషాలు. రోజుకి కాదు, నెలకి.

వ్యాపారంగా చూస్తే ఇండిపెండెంట్‌కి నష్టమేం జరగలేదు, ఖర్చులు తగ్గి లాభాల్లోకి వచ్చింది. అది ఒప్పుకోవాల్సిందే. కానీ నెలకి ఆరు నిమిషాలు కనిపించే మనిషిని పాఠకుడనాలా, దారినపోయేవాడనాలా? లెక్కల్లో ఇద్దరూ ఒకటే. యాజమాన్యం మీటింగులో ‘ఇన్ని కోట్ల వ్యూస్‌’ అని స్లైడ్‌ వేసినప్పుడు ఆ కోట్లలో ఎక్కువమంది ఏ పత్రిక చదివారో కూడా గమనించనివాళ్లే. లింక్‌ కనిపించింది, నొక్కారు, వెళ్లిపోయారు.

ఆ దారినపోయేవాళ్ల కోసమే పత్రికలు పదేళ్లపాటు ఎదుటివాళ్ల వాకిట్లో కాపు కాశాయి. 2015లో ఫేస్‌బుక్‌ ఇన్‌స్టంట్‌ ఆర్టికల్స్‌ తెచ్చింది. మీ కథనాలు మా దగ్గరే పెట్టండి, క్షణంలో తెరుచుకుంటాయి అంది. పెట్టారు. అదే ఏడాది గూగుల్‌ ఏఎంపీ అంది (ఫోన్‌లో పేజీ వేగంగా తెరుచుకునే పద్ధతి), దానికి తగ్గట్టు పేజీలన్నీ మళ్లీ కట్టారు. 2018 జనవరిలో ఫేస్‌బుక్‌ తన ఫీడ్‌లో స్నేహితుల, బంధువుల పోస్టులకే ముందు వరస అనేసరికి వార్తల ట్రాఫిక్‌ పడిపోయింది. 2023లో ఇన్‌స్టంట్‌ ఆర్టికల్స్‌ని మూసేసింది. అదే ఏడాది కెనడాలో వార్తలకు డబ్బు చెల్లించాలని చట్టం రాగానే, అక్కడ వార్తలే కనిపించకుండా చేసింది ఫేస్‌బుక్‌ మాతృసంస్థ మెటా. 2024 నుంచి గూగుల్‌ సెర్చ్‌లో ఏఐ జవాబు పైనే వచ్చేస్తోంది, ఇక లింక్‌ నొక్కే పనే లేదు. వాళ్ల వాకిలి వాళ్లు ఊడ్చుకున్నారు, తప్పుపట్టడానికేముంది? ఇంతకాలం అక్కడ నిలబడి, పాఠకులు మావాళ్లే అనుకోవడం పొరపాటు.

ఈ కాపు కాయడంలో భాష కూడా పాడైంది. అచ్చులో ‘అన్నంత పనీ చేశాడు’ అని హెడ్డింగ్‌ పెట్టొచ్చు. పక్కన ఫొటో ఉంటుంది, పైన విషయం చెప్పే చిన్న లైను (ఇండికేషన్‌) ఉంటుంది, ఎవరో ఏమిటో ఇట్టే తెలుస్తుంది. అదే మాట నోటిఫికేషన్‌లో ఒంటరిగా వస్తే ఎవడు, ఏం చేశాడు? కాబట్టి వెబ్‌కి హెడ్డింగ్‌ విడిగా రాయాలి, పేరు, చోటు, విషయం సూటిగా చెప్పాలి. ఇది అవసరమైన మార్పే. కానీ మనవాళ్లు సూటిగా చెప్పడం దగ్గర ఆగలేదు. ‘చివరికి ఏం జరిగిందో తెలిస్తే షాక్‌ అవుతారు’ దాకా వెళ్లారు. ఆ షాక్‌ రెండుసార్లు తిన్న పాఠకుడు మూడోసారి నోటిఫికేషన్లు ఆపేస్తాడు. ఒకసారి ఆపేశాక మళ్లీ ఆన్‌ చేయించడం అయ్యే పని కాదు.

మరి కుదిరిన చోట ఎలా కుదిరింది? కెనడాలో మాంట్రియల్‌లోని లా ప్రెస్‌ 1884 నాటి ఫ్రెంచి పత్రిక. 2013లో టాబ్లెట్‌ కోసం లా ప్రెస్‌ ప్లస్‌ అని ఒక ఎడిషన్‌ మొదలుపెట్టింది. అందులో పేజీ బొమ్మలు లేవు, అంతులేని ఫీడ్‌ కూడా లేదు. పొద్దున్నే దిగుతుంది, విభాగాలుంటాయి, ముందూ వెనకా ఉంటుంది, అయిపోతుంది. తెరకి తగ్గట్టు కొత్తగా కట్టిన పేపర్‌ అన్నమాట. పాఠకులు దానికి అలవాటుపడ్డాక 2016 నుంచి సోమవారం నుంచి శుక్రవారం దాకా వచ్చే అచ్చు ఆపారు, 2017 చివరికి శనివారం సంచికా ఆపేశారు. అచ్చు ఆపడానికి ముందు దాదాపు మూడేళ్లు వేచి చూశారన్నది గమనించాలి.

అమెరికాలోని ఆర్కాన్సా డెమోక్రాట్‌-గెజిట్‌ కథ నాకు ఇంకా ఇష్టం. దూరప్రాంతాలకి పేపర్‌ మోయడం గిట్టుబాటు కాక, 2018లో ఒక చిన్న పట్టణంతో మొదలుపెట్టి చందాదారులకు ఐప్యాడ్లు ఇచ్చారు. చందా కడుతున్నంత కాలం ఐప్యాడ్‌ వాళ్లదే. రోజూ అందులో పేపర్‌ నకలు వస్తుంది, ఆదివారం మాత్రం అచ్చు పేపర్‌ ఇంటికి వస్తుంది. ఐప్యాడ్‌ ఇవ్వడం కన్నా పెద్ద పని ఇంకోటి చేశారు. ఒక్కో చందాదారుణ్ణి కూర్చోబెట్టి, దాన్ని ఎలా తెరవాలి, అక్షరం ఎలా పెంచాలి, పేజీ ఎలా తిప్పాలి అని చేయిపట్టి నేర్పించారు. మామూలుగా పత్రికలు ‘డిజిటల్‌కి మారండి’ అని ప్రకటన వేసి ఊరుకుంటాయి. ఇక్కడ మనిషిని పంపారు.

న్యూయార్క్‌ టైమ్స్‌ని అందరూ ఉదాహరణగా చెబుతారు, చాలామంది దాని సైజు చూసి చెబుతారు. 2023లో దాని చందాదారులు కోటి దాటారు, అందులో అచ్చు పత్రిక తెప్పించుకునేవాళ్లు పది లక్షల లోపే. ఆ సైజు ఇంకెవరికీ రాదు కాబట్టి దాన్ని పక్కన పెట్టి, రెండు చిన్న పనులు చూద్దాం. 2011లో వెబ్‌సైట్‌కి పేవాల్‌ (చందా కడితేనే చదవనిచ్చే అడ్డు) పెట్టినప్పుడు, ఇంటికి పేపర్‌ వేయించుకునేవాళ్లకి వెబ్‌ చందా ఉచితమే అన్నారు. అంటే అచ్చు పాఠకుడు, వెబ్‌ పాఠకుడు వేరుకాదు, ఒకే మనిషి, ఒకే ఖాతా అని తేల్చారు. రెండోది, 1942 నుంచి అచ్చులో వస్తున్న పదకేళిని ఫోన్‌కి తగ్గట్టు చిన్నది చేసి 2014లో మినీ అని ఇచ్చారు. పదకేళి అలవాటున్నవాడు పొద్దున్నే ఎవరూ పిలవకపోయినా వస్తాడు. 2022లో వర్డిల్‌ అనే పదాల ఆటని కొన్నదీ అందుకే. అది కూడా రోజుకి ఒక్కటే, అయిపోతుంది.

ఆఫీసు లోపల కూడా ఒకటి మారాలి, అది అన్నిటికన్నా కష్టం. ఏ న్యూస్‌రూమ్‌లో చూసినా మొదటి పేజీయే పెద్ద సింహాసనం. రిపోర్టర్‌ తన స్టోరీ మొదటి పేజీలో పడిందా అని చూసుకుంటాడు, వెబ్‌లో ఎప్పుడు పడింది, ఎలా పడింది అని చూసుకోడు. న్యూయార్క్‌ టైమ్స్‌లోనే 2014లో బయటపడిన అంతర్గత నివేదిక, హోమ్‌పేజీకి వచ్చేవాళ్లు రెండేళ్లలో సగానికి పడిపోయారని, అయినా లోపల ధ్యాసంతా మొదటి పేజీ మీదే ఉందని చెప్పింది. మరుసటి ఏడాది గానీ, మొదటి పేజీ కోసం డెస్కులు పోటీపడే మీటింగు పద్ధతి మారలేదు.

దీనికి అడుగున ఇంకో చీలిక ఉంది, దాని గురించి పెద్దగా మాట్లాడరు. సర్క్యులేషన్‌ విభాగానికి పాఠకుడి ఇంటి నంబరు తెలుసు, ఎన్నేళ్లుగా వేయించుకుంటున్నాడో తెలుసు. అతను ఫోన్‌లో ఏం చదువుతాడో తెలియదు. డిజిటల్‌ విభాగానికి ఏ ఫోన్‌ నుంచి ఎన్ని నిమిషాలు చదివారో తెలుసు, ఆ మనిషెవరో తెలియదు. ఒకే మనిషి రెండు చిట్టాల్లో ఇద్దరుగా ఉంటాడు. ఇరవై ఏళ్లుగా పేపర్‌ వేయించుకుంటున్న చందాదారుడికే ‘మా పత్రిక చదవాలంటే చందా కట్టండి’ అని తెర అడ్డం పెట్టడం ఇలాగే జరుగుతుంది. నాకు తెలిసిన ఒకాయన అలాంటి తెర చూసి, అచ్చు చందా కూడా మానేశాడు.

పేపర్‌ ఒక్కరోజు రాకపోతే పాఠకుడు పొద్దున్నే ఫోన్‌ చేసి ఏజెంటుని నిలదీస్తాడు. డెస్క్‌లో ఉన్నప్పుడు, పదకేళి గడులు తప్పుపడితే మాకూ తిట్లు తప్పేవి కావు. యాప్‌ రెండు రోజులు తెరుచుకోకపోతే ఎంతమంది ఫోన్‌ చేస్తారు? ఆ మధ్య ఒక పత్రిక డిజిటల్‌ బాధ్యతలు చూసే మిత్రుణ్ణి ఇదే అడిగాను. సర్వర్‌ మొరాయించి ఒక రోజంతా వాళ్ల యాప్‌లో నిన్నటి వార్తలే కనిపించాయట. ‘ఎన్ని ఫిర్యాదులొచ్చాయి?’ అన్నాను. కాస్త ఆలోచించి, ‘ఈ-పేపర్‌ వాళ్ల నుంచి వచ్చాయి’ అన్నాడు.