డెకాల్స్ పసుపెక్కితే పారేయకండి

స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సీరియల్‌లోని నౌకల ప్లాస్టిక్ మోడల్ కిట్లు పాతబడి, వాటిలోని డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి మోడల్ మీద అంటించే పల్చని బొమ్మలు, అంకెలు) పసుపెక్కితే ఇక అంతేనని ఒక వ్యాసంలో రాశారు. అంతే కాదండీ, అవి బాగవుతాయి. 1980లలో దూరదర్శన్‌లో ఆ సీరియల్ చూసి పిచ్చెక్కిన మా చిన్నాయన దాచిన ఎంటర్‌ప్రైజ్ (సీరియల్‌లోని ప్రధాన నౌక) కిట్ నా దగ్గరుంది, ఏఎంటీ కంపెనీది. డెకాల్ షీటు మీద ఆ నౌక నంబరు ఎన్‌సీసీ-1701 చుట్టూ చాయ్ మరకలా పసుపు. షీటును జిప్ కవర్లో పెట్టి కిటికీ అద్దానికి అంటించాను. మా నల్లగొండ ఎండ తెలిసిందేగా, రెండు వారాల్లో పసుపు దాదాపు పోయింది. నీళ్లలో వేసే ముందు పైన క్లియర్ కోటు (రంగులేని వార్నిష్ పూత) మాత్రం తప్పనిసరి, లేదంటే పాత డెకాల్ ముక్కలైపోతుంది.

ప్లాస్టిక్ భాగాలకు మాత్రం ఆ ఎండే శత్రువు. ఒక మే నెలంతా రేకుల గదిలో ఉంచితే సాసర్ (నౌక ముందుండే పళ్లెం లాంటి భాగం) పైభాగం అప్పడంలా వంగింది. ఇప్పటికీ చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.