నడుం నొప్పికి ధ్యానం మంచిదే, కానీ మందులు మానేయమనకండి

దీర్ఘకాలిక నడుం నొప్పికి యోగా, ధ్యానం మేలు చేస్తాయని మీ వ్యాసంలో రాసినందుకు సంతోషం. అందులోని "మాత్రలు పక్కన పడేసి వీటికి మారండి" అన్న సలహా మాత్రం ప్రమాదం. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ధ్యాన శిక్షణ కూడా వైద్యానికి తోడుగా వచ్చిందే. 2017లో అమెరికా వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దీర్ఘకాలిక నడుం నొప్పికి ముందుగా వ్యాయామం, యోగా, తాయ్ చి (నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం), ధ్యానం లాంటివి చూడమంది. అవి చాలకపోతే మందులు వాడమనే చెప్పింది.

మా అమ్మది ఏళ్ల నాటి నొప్పి. ఫిజియోథెరపీలో ఒక పద్ధతి నేర్పారు. మోకాళ్ల కింద దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. ఎడమ కాలి బొటనవేలి నుంచి పిక్క, తొడ, నడుం అంటూ ఒక్కో చోటే మనసు పెట్టి గమనిస్తూ పైకి రావాలి. నడుం దగ్గరకు రాగానే అమ్మ పళ్లు బిగబట్టేసేది. అక్కడే ఆగి, దవడ వదులు చేసి, ఊపిరి నెమ్మదిగా వదలమనేవారు. నొప్పి పూర్తిగా పోలేదు కానీ దాని భయం బాగా తగ్గింది. ఇప్పుడు కూరగాయలకు తనే నడిచి వెళ్తోంది.

దయచేసి ఎవరితోనూ "అంతా నీ మనసులోనే ఉంది" అనకండి. నొప్పి నిజమే. నెలల తరబడి ఉంటే నరాల వ్యవస్థ చిన్న తాకిడికీ అతిగా స్పందించడం మొదలుపెడుతుంది. టెన్షన్, నిద్రలేమి దాన్ని ఇంకా పెంచుతాయి.

కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. వ్యాసంలో ఈ ముక్క తప్పకుండా చేర్చండి.