కంటి పరీక్షలో ఏం చేశారో చీటీ చెప్పాలి

శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలి దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కలైనా కళ్లజోళ్ల దుకాణాల బోర్డుల మీద ఒకటే మాట: ‘కంప్యూటర్ ద్వారా కంటి పరీక్ష ఉచితం’. లోపలికి వెళ్తే మిషన్ మీద గడ్డం ఆనించమంటారు. పొడవాటి రోడ్డు, దాని చివర రంగుల బెలూన్ కనిపిస్తాయి. బెలూన్ కాసేపు మసకబారి మళ్లీ తేటపడుతుంది. అర నిమిషంలో బస్సు టికెట్టంత కాగితం బయటికొస్తుంది. జనం దాన్ని కంప్యూటర్ చీటీ అంటారు. మన జిల్లాల్లో చాలామందికి కంటి పరీక్ష అంటే అక్కడితో సరి.

ఆ చీటీని కాస్త దగ్గరగా చూడండి. కుడి కంటికి మూడు వరుసలు, ఎడమ కంటికి మూడు వరుసలు, వాటి కింద మిషన్ తేల్చిన ఒక్కో వరుస. అందులో స్పియర్ (అసలు పవర్), సిలిండర్ (కంటి వంపులోని తేడాను సరిచేసే పవర్), యాక్సిస్ (ఆ సిలిండర్ ఉండాల్సిన కోణం) అంకెలు. ఓ మూల ‘వీడీ 12’ అని ఉంటుంది. కంటికి 12 మిల్లీమీటర్ల దూరంలో అద్దం ఉంటుందనుకుని వేసిన లెక్క ఇదని దాని అర్థం. అడుగున పీడీ, అంటే రెండు కనుపాపల నడుమ దూరం. మూడు వరుసలూ దగ్గరదగ్గరగా ఉంటే మిషన్ నిలకడగా కొలిచినట్టు. మైనస్ 0.75, మైనస్ 2.00, మైనస్ 1.25 అంటూ మూడూ మూడు దారులు పట్టాయంటే కన్ను కదిలి ఉండాలి, లేదా రెప్ప అడ్డొచ్చి ఉండాలి, లేదంటే లోపల శుక్లమో నల్లగుడ్డు ఆకారంలో తేడానో ఉండాలి. అక్కడ ఆగి మళ్లీ చూడాల్సింది పోయి అడుగు వరుస చూసి అద్దాలు బిగించేస్తారు. పైగా అది థర్మల్ కాగితం. కొన్ని నెలలు జేబులో ఉంటే అక్షరాలు చెరిగిపోతాయి. వచ్చే ఏడాది పోల్చి చూద్దామన్నా పాత లెక్క దొరకదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అసలు ఆ చీటీలోనే ఉండదు. ఆ పవర్ పెట్టాక ఈ మనిషి కుడి కంటితో ఎన్నో వరుస చదివాడు, ఎడమ కంటితో ఎన్నో వరుస చదివాడు? మిషన్‌కు పవర్ తెలుసుగానీ చూపు తెలియదు. మైనస్ రెండు పెట్టాక 6/6, అంటే మామూలు చూపు, వస్తే అది సైటు. అదే పవర్‌తో 6/24 దగ్గరే, అంటే మామూలు కన్ను 24 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి మాత్రమే చదివే చూపు దగ్గరే, ఆగిపోతే జబ్బు ఎక్కడో ఉన్నట్టు. దీన్ని పసిగట్టడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. 1.2 మిల్లీమీటర్ల రంధ్రమున్న నల్లటి పలక, అదే పిన్‌హోల్, కంటి ముందు పెడితే చాలు. దాంట్లోంచి చూసినప్పుడు చార్టులో ఇంకో రెండు వరుసలు చదవగలిగితే లోపం చాలావరకు అద్దాలతో సరిపోయేదే. ఏ మార్పూ లేకపోతే కళ్లజోడు అమ్మే ముందు డాక్టరు దగ్గరికి పంపాలి.

ఈ తేడా తెలియక జరిగే పొరపాట్లు రోజూ చూసేవే. అరవై ఏళ్ల మనిషికి ఉన్నట్టుండి మైనస్ పవర్ వస్తుంది, చత్వారం అద్దాలు లేకుండానే పేపరు చదివేస్తాడు. ఇంట్లోవాళ్లు చూపు తిరిగొచ్చిందని సంబరపడతారు. నిజానికి లోపలి కటకం గట్టిపడి శుక్లం మొదలైందనడానికి అదొక గుర్తు. దుకాణంలో మైనస్ అద్దాలిస్తే ఆరు నెలలకు మళ్లీ మార్చాలి, ఆపై మళ్లీ. షుగరు ఉన్నవాళ్లది ఇంకో తీరు. షుగరు బాగా పెరిగినప్పుడు, మందులతో వేగంగా దించినప్పుడు కూడా పవర్ అటూ ఇటూ మారుతుంది. ఆ వారంలో తీసుకున్న కళ్లజోడు నెల తిరిగేసరికి పనికిరాదు. షుగరు అదుపులోకొచ్చి కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే పవర్ తేల్చాలి. అందుకే ‘షుగరు ఉందా?’ అన్న ప్రశ్న, అద్దాలు మార్చి మార్చి పెట్టి చూసే ట్రయల్ ఫ్రేమ్ కంటే ముందు రావాలి.

పిల్లల విషయంలో మిషన్‌ను నమ్మితే నష్టం ఎక్కువ. బెలూన్ దూరంగా ఉన్నట్టు కనిపించినా, దగ్గరి పెట్టెలోకి చూస్తున్నామన్న ఎరుకతో పిల్లల కంటి కండరం బిగుసుకుంటుంది. ఆ బిగువంతా మైనస్‌గా లెక్కలోకి ఎక్కుతుంది. సైటే లేని పిల్లాడికి మైనస్ 0.75, మైనస్ ఒకటి ఉన్న పిల్లకు మైనస్ రెండు ఇలాగే వస్తాయి. ఆ అద్దాలతో పిల్లలు బోర్డు చదవగలరు, కండరంతో సర్దుకుంటారు కాబట్టి. సాయంత్రానికి తలనొప్పి మొదలవుతుంది. అసలు ప్లస్ పవర్ ఉండి కన్ను లోపలికి తిరుగుతున్న పిల్లకు పొరపాటున మైనస్ ఇస్తే మెల్ల ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ కండరాన్ని సడలించే చుక్కలు వేసి చూడాలి. మామూలుగా సైక్లోపెంటొలేట్ 1 శాతం చుక్కలు కొద్ది నిమిషాల తేడాతో రెండుసార్లు వేసి, అరగంట నుంచి ముప్పావుగంట ఆగి, కంట్లోకి వెలుగు వేసి పవర్ కొలిచే రెటినోస్కోప్‌తో చూస్తారు. మరీ చిన్నపిల్లలకు, మెల్లకన్ను ఉన్నవారికి అట్రోపిన్ ఆయింట్‌మెంట్ ఇచ్చి మూడు రోజులు ఇంట్లో పెట్టించి తీసుకురమ్మంటారు. ఇది డాక్టరు పర్యవేక్షణలో జరగాల్సిన పని, దుకాణంలో కుదిరేది కాదు. కాబట్టి పిల్లలకు మొదటి కళ్లజోడు చుక్కల పరీక్ష లేకుండా ఇవ్వకూడదని రాష్ట్రం నిబంధన పెడితే చాలా తలనొప్పులు అక్కడే ఆగుతాయి. ఒక కన్ను బద్ధకించి చూపు నేర్చుకోని పిల్లలు కూడా అప్పుడే బయటపడతారు. ఏడెనిమిదేళ్లు దాటాక బయటపడితే ఆ కంటికి చూపు తేవడం కష్టమవుతుంది.

గది పొడవు కూడా పట్టించుకోవాల్సిన సంగతే. చార్టు 6 మీటర్ల దూరంలో ఉండాలి. ఇరుకు దుకాణంలో 3 మీటర్ల ఎదుట అద్దం పెట్టి, తిరగేసి రాసిన చార్టును అందులో చూపిస్తే 6 మీటర్లయినట్టే. అద్దమూ లేకుండా 2 మీటర్ల దూరంలో గోడకు చార్టు తగిలిస్తే, అక్కడ తేటగా చూపించే పవర్‌కూ దూరానికి కావాల్సిన పవర్‌కూ అర డయాప్టర్ తేడా వస్తుంది (డయాప్టర్ అంటే పవర్ కొలమానం). చత్వారం వచ్చినవాళ్లకు రాత్రిపూట బండి నడిపేటప్పుడు ఆ అర డయాప్టర్ బాగా తెలుస్తుంది.

ఇక చట్టం సంగతి. అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021లో వచ్చింది. చూపు పరీక్షించి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టులను గుర్తింపు పొందిన వృత్తుల షెడ్యూల్‌లో చేర్చింది. డిప్లొమా స్థాయికి కనీసం 2,000 గంటలు, డిగ్రీ స్థాయికి 3,600 గంటలు శిక్షణ ఉండాలంది. ఆరు నెలల్లో రాష్ట్రాలు కౌన్సిళ్లు పెట్టుకోవాలంది. మూడేళ్లు గడిచినా అమలు నత్తనడకన సాగడంతో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు విధించాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రుల నమోదుకు 2002 నాటి చట్టం ఉంది, అది వైద్య సంస్థల కోసం. దుకాణాల నమోదుకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. అది పని గంటలు, సెలవులు, జీతాల గురించి మాట్లాడుతుందిగానీ చార్టు ఎంత దూరంలో ఉందో అడగదు. కళ్లజోళ్ల దుకాణంలో జరిగే పరీక్ష ఈ రెంటి మధ్య సందులో ఉంది.

రాష్ట్ర కౌన్సిల్ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, పరీక్ష ఎవరు చేయాలో చెప్పి ఊరుకోవడం. రెండోది, పరీక్షలో ఏమేం జరగాలో చెప్పడం. మొదటిది మాత్రమే ఎంచుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అర్హత లేనివారు సైటు చూడకూడదని ఒక్క కలంపోటుతో రాస్తే మందస, మెళియాపుట్టి వైపు జనం డిగ్రీ ఉన్న మనిషిని వెతుక్కుంటూ వెళ్లరు, సంతలో బండి దగ్గర కొనుక్కుంటారు. ఇలాంటి నిబంధనలు వ్యాపారానికి కంచెగా మారే ప్రమాదమూ ఉంది. ఆన్‌లైన్ పరీక్షతోనే కళ్లజోడు రాయకూడదని అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం 2016లో చట్టం చేసింది. అది పోటీని అణచడానికేనంటూ అప్పటి గవర్నర్ నిక్కీ హేలీ వీటో చేశారు. అయినా చట్టసభ ఆ వీటోను తోసిపుచ్చి చట్టాన్ని నెగ్గించుకుంది. ఇరుపక్షాల వాదనలోనూ నిజం లేకపోలేదు. పవర్ తేల్చడం, జబ్బు వెతకడం వేర్వేరు పనులు. మొదటిది ఫోనూ చేయగలదు. రెండోది జరిగిందన్న భ్రమ ఫోను కలిగించడమే ప్రమాదం.

బ్రిటన్‌లో 1989 నుంచి ఉన్న పద్ధతి మనకు దగ్గరగా ఉంటుంది. అక్కడ సైటు పరీక్ష చేసేవారు కంటి లోపలా బయటా జబ్బు గుర్తులున్నాయేమో చూడటం చట్టప్రకారం బాధ్యత. చూసి, చీటీ రాసి చేతికివ్వాలి. అమెరికాలోనూ 1978 నుంచి పరీక్ష అవ్వగానే, అడగకపోయినా, చీటీ ఇవ్వాల్సిందే. మన ‘ఉచితం’ బోర్డుకు ఇది సూటిగా తగులుతుంది. పరీక్షకు డబ్బు తీసుకోని దుకాణం ఆ ఖర్చును ఫ్రేములోనే రాబట్టుకోవాలి. ‘మీకు కళ్లజోడు అక్కర్లేదు’ అన్న మాట అక్కడ నష్టం బేరం. పరీక్షకు వేరే బిల్లు, వంద రూపాయలైనా సరే, ఉండి, ఫ్రేములు చూపించకముందే చీటీ చేతికొస్తే ఆ మాట అనడం సులువవుతుంది. కావాలంటే ఆ చీటీతో పక్క దుకాణానికీ వెళ్లొచ్చు.

ఆ చీటీలో ఏముండాలి? తేదీ, వయసు, షుగరు బీపీల సంగతి. అద్దాలు లేకుండా ఒక్కో కంటి చూపు, పాత అద్దాలతో చూపు, కొత్త పవర్‌తో చూపు. 6/9 కంటే తక్కువుంటే పిన్‌హోల్‌తో ఎంత. టార్చి వెలుగులో నల్లగుడ్డు తేటగా ఉందా, రెండు కనుపాపలూ ఒకేలా ముడుచుకుంటున్నాయా. పవర్, యాక్సిస్, పీడీ, నలభై దాటితే దగ్గరి చూపుకు కలిపే పవర్. చివర్లో ‘డాక్టరుకు పంపాం’ లేదా ‘అవసరం లేదు’ అన్న గడి, చేసినవారి సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు. ఇదంతా నిదానంగా చేస్తే పదిహేను, ఇరవై నిమిషాలు. నలభై దాటినవారికి కంటి ఒత్తిడి, నరం చూడలేకపోతే ‘చూడలేదు’ అని రాయాలి. నీటికాసులు (గ్లాకోమా) నొప్పి లేకుండా చూపు తినేస్తాయి, చార్టు మీద 6/6 చదివే మనిషిలోనూ ఉండొచ్చు. షుగరు ఉన్నవారికి ఏడాదికోసారి చుక్కలేసి రెటీనా చూడాలని అదే కాగితం మీద అచ్చువేస్తే మంచిది.

ప్రభుత్వానికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన కంటి వెలుగులో బడిపిల్లలకు మొదట చార్టుతో వడపోత, తేడా ఉన్నవారికి ఆ తర్వాత ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్లతో రెండో పరీక్ష జరిగాయి. పనిని అంచెలుగా విడగొట్టి, ఏ అంచెలో ఎవరు ఎక్కడ ఆగాలో చెప్పారు. ప్రైవేటు దుకాణానికి చెప్పలేదంతే.

ఆగాల్సిన చోట ఆగకపోతే ఎలా ఉంటుందో వరికోతల కాలంలో చూడొచ్చు. నూర్పిళ్లలో ఊక, గడ్డిపరక కంట్లో తగిలి గీరుకుంటుంది. మర్నాటికి ఎర్రబడుతుంది. మందుల షాపులోనో, కళ్లజోళ్ల దుకాణంలోనో ఓ చుక్కల సీసా చేతిలో పెడతారు. అందులో స్టెరాయిడ్ ఉంటే మొదటి రోజు ఎరుపు తగ్గుతుంది, బాగుపడిందనిపిస్తుంది. పంట వ్యర్థాలతో తగిలిన దెబ్బలో తరచూ ఫంగస్ ఉంటుంది, స్టెరాయిడ్ దాన్ని పెంచుతుంది. వారం తర్వాత నల్లగుడ్డు మీద తెల్లటి పుండుతో ఆసుపత్రికి వస్తారు. మానినా కంట్లో పువ్వు మిగిలిపోవచ్చు. ఎర్రబడిన కన్ను, నొప్పి, హఠాత్తుగా చూపు తగ్గడం, మెరుపులు, ఒకటి రెండుగా కనిపించడం: ఈ అయిదింటిలో ఏది ఉన్నా సైటు చూడటం ఆపి అదేరోజు పంపాలన్న వాక్యం నిబంధనల్లో మొట్టమొదట ఉండాలి.

చత్వారం అద్దాల జోలికి మాత్రం కౌన్సిల్ ఎక్కువగా పోకపోతే మేలు. పలాసలో జీడిపప్పు పొట్టు తీసి గ్రేడింగ్ చేసే ఆడవాళ్లకు, పొందూరులో సన్న నూలు వడికేవారికి నలభై దాటాక ప్లస్ అద్దాలే కూలి నిలబెడతాయి. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవారి ఉత్పాదకత ఇవ్వనివారికంటే సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. ప్లస్ ఒకటి నుంచి మూడు దాకా రెడీమేడ్ అద్దాలు రెండు కళ్లకూ ఒకే పవర్‌తో ఉంటాయి, సిలిండర్ ఉండదు. చాలామందికి అది సరిపోతుంది. ‘దూరం మసకగా ఉంటే పరీక్ష చేయించుకోండి’ అని ప్యాకెట్ మీద తెలుగులో ఉంటే చాలు.

తనిఖీ ఎలా అన్నది అధికారులు వేసే ప్రశ్న. కాగితాలు అడిగితే కాగితాలే చూపిస్తారు. అదే అద్దాల పవర్ కొలిచే లెన్సోమీటర్ ఒకటి తీసుకెళ్లి, డెలివరీకి సిద్ధంగా ఉన్న పది కళ్లజోళ్లను వాటి చీటీలతో పోల్చితే ఒక్క పూటలో బండారం బయటపడుతుంది. మామూలు పవర్లలో 0.12 డయాప్టర్‌కు మించి తేడా ఉండకూడదు. యాక్సిస్ 10 డిగ్రీలు తప్పితే సిలిండర్ ప్రయోజనంలో మూడోవంతు పోతుంది, 30 డిగ్రీలు తప్పితే ఆ సిలిండర్ ఉన్నా లేనట్టే. మైనస్ ఆరు అద్దంలో కేంద్రం 4 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే 2.4 ప్రిజమ్, అంటే చూపును పక్కకు వంచే దోషం, వచ్చి కళ్లు లాగుతాయి. పీడీ కొలవకుండా ఫ్రేముకు తగ్గట్టు అద్దం బిగించిన దుకాణం ఇక్కడే దొరికిపోతుంది. ఆ పది చీటీల్లో ఎన్నింటిలో కొత్త పవర్‌తో చూపు రాశారు, ఎన్నింటిలో ‘పంపాం’ గడి నిండింది అన్నది కూడా అప్పుడే లెక్కపెట్టొచ్చు. నెలకు వందల కళ్లజోళ్లు అమ్మిన చోట ఏడాదంతా ఒక్కరినీ డాక్టరు దగ్గరికి పంపలేదంటే, రెండోసారి తనిఖీకి వెళ్లాల్సిన దుకాణం అదే.