పులి మాట్లాడితే మాట్లాడనీ, నా గొడవ వేరే

మోగ్లీ కార్టూన్‌లో నా అభ్యంతరం పులి మాట్లాడటం మీద కాదు. మాట్లాడితే మాట్లాడనీ, మా అచ్చంపేటలో మాట్లాడనివాడు ఎవడున్నాడు? తోడేళ్లు మనిషి పిల్లాడిని పెంచడం మీద కూడా కాదు, పెంచుకోనీ. ఆ చెడ్డీ ఎవరు కుట్టారని కూడా అడగను, అది అందరూ అడిగి అడిగి అరగ్గొట్టిన ప్రశ్న. నా ఫిర్యాదు చాలా సీరియస్‌ది. ఈ అడవి పిల్లాడి కార్టూన్ మనుషుల పరువు తీస్తోంది, అందులోనూ మా పాలమూరు, నల్లగొండ మనుషుల పరువు మరీ ఎక్కువగా తీస్తోంది, కాబట్టి దీన్ని వెంటనే ఆపించాలని ఇందుమూలంగా డిమాండ్ చేస్తున్నాను.

ఎండాకాలం సెలవులకు మా మనవడు వచ్చాడు. ఏడేళ్లు. వాళ్లమ్మకు కూడా చిన్నప్పుడు ఇదే పిచ్చి. 1990లలో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో హిందీలో వచ్చేది, జపాన్ వాళ్లు తీసిన 52 భాగాలు, మా వాడకట్టులో టీవీ ఉన్న ఒక్క ఇంటి ముందు చెప్పుల కుప్ప పడేది. అప్పుడు కరెంటు పోకుండా ఉంటే అదే పదివేలు, కథ ఎవడు పట్టించుకున్నాడు. ఇప్పుడు రిటైరయ్యాను, పని లేదు. వాడి పక్కన కూర్చుని మొత్తం చూశాను, వాడికి అనుమానం వచ్చిన చోటల్లా 1894లో వచ్చిన అసలు పుస్తకం, కిప్లింగ్ 'జంగిల్ బుక్'లో ఏముందో చూసి చెప్పాను. నేను చేసిన తప్పు అదే.

ముందు అడ్మిషన్ సంగతి. తోడేళ్ల గుంపులో ఒక పిల్లను చేర్చుకోవడానికి ఎవరైనా పేచీ పెడితే, అమ్మానాన్న కాకుండా ఇంకో ఇద్దరు దాని తరఫున నిలబడి మాట్లాడాలట. అంటే జామీను. అప్పుకు పోతే మమ్మల్నీ ఇద్దరు జామీనుదారులను తెమ్మంటారు కాబట్టి ఇక్కడిదాకా నాకు ఇబ్బంది లేదు, పద్ధతి తెలిసిన తోడేళ్లే. మొదటి జామీను ఎలుగుబంటి, మా దిక్కు గుడ్డెలుగు అంటాం, గుంపులోని పిల్లలకు పాఠాలు చెప్పే సారు అదే. రెండోది నల్ల చిరుత. దానికి ఆ మీటింగులో మాట్లాడే హక్కు లేదు, అందుకని అప్పుడే వేటాడిన బలిసిన ఎద్దు ఒకటి ఇస్తాను, పిల్లాడిని చేర్చుకోండి అంది. ఇది డొనేషన్ కాదా? ఇన్నేళ్లుగా ఒక్కరైనా అడిగారా?

డొనేషన్ అంటే ఏందని మనవడు అడిగాడు, చెప్పాను. "మరి బుక్కులకు, బూట్లకు, టైకు ఇంకెన్ని ఎద్దులు ఇయ్యాలి తాతా?" అన్నాడు. ఒక్కటే బిడ్డా, ఇక జన్మలో అడగరు అన్నాను. వాడు నమ్మలేదు. పోయిన జూన్‌లో వాళ్ల నాన్న ఒక స్కూలు కౌంటరు ముందు నిలబడి ఎన్ని ఎద్దులు కట్టాడో వాడు కళ్లారా చూశాడు మరి. పైగా ఆ గుడ్డెలుగు సారు పిల్లాడికి పాముల భాష, పక్షుల భాష, వేటాడే జంతువుల భాష అన్నీ నేర్పుతాడు. అడవిలో పాముతో పాము భాషలో మాట్లాడితే భేష్ అంటారు, మావాడి స్కూల్లో తెలుగులో మాట్లాడితే ఫైను. చెవిన పడ్డ ప్రతి భాషా నేర్పే సారు ఫీజు తీసుకోకుండా గుట్టల మీద తిరుగుతున్నాడని పిల్లలకు చూపిస్తే రేపు వాళ్లు బడికి ఎట్లా పోతారో పెద్దలు ఆలోచించాలి.

తోడేళ్ల మీద ఒక్కమాట చెప్పి పోతాను. మా గొల్లకురుమలను అడిగితే తోడేలు గురించి ఇంత మంచి అభిప్రాయం ఎవరూ చెప్పరు. 2017లో సర్కారు ఇంటికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు లెక్కన పంచినప్పుడు జాబితాలో పేరు లేకుండానే లబ్ధి పొందినవి అవే.

కోతుల దగ్గరికి వస్తే నా ఫిర్యాదు ఇంకా గట్టిది. 1967లో, అంటే ఇందిరాగాంధీ సాగర్ కాల్వలకు నీళ్లు వదిలిన ఏడాదే, అమెరికా వాళ్లు ఈ కథను బొమ్మల సినిమా తీసి కోతులకు ఒక రాజును పెట్టారు. ఆ రాజు ఒరాంగుటాన్. అది బోర్నియో, సుమత్రా దీవుల్లో తప్ప ఇంకెక్కడి అడవిలోనూ ఉండదు. సముద్రాలు దాటి వచ్చి మన కోతుల మీద పెత్తనం చేసిందంటే దాని కాగితాలు ఎవరు చూశారో తెలియదు. అసలు పుస్తకంలో కోతులకు రాజు లేడు, చట్టం లేదు, అన్నిటికంటే ముఖ్యంగా జ్ఞాపకం లేదు. పాడుబడ్డ నగరంలో ఒకప్పుడు రాజుగారు సభ తీర్చిన మండపం ఎక్కి చుట్టూ కూర్చుంటాయి, మనంతటి వాళ్లు లేరని మురుస్తాయి, గొప్ప పని ఒకటి తలపెడతాయి, ఈలోపు పైనుంచి ఒక కాయ రాలితే ఆ పని మరిచిపోతాయి. ఇది చదువుతుంటే మా ఇంటావిడ వంటింట్లోంచి, "ఏ ఊరి మీటింగు గురించి చెప్తున్నవ్?" అంది. కార్టూన్ గురించే అన్నాను. నమ్మినట్టు లేదు.

మాకు పల్లి చేను ఉంది, కాబట్టి కోతుల గురించి రాసే అర్హత కూడా ఉంది. కాయ ఊరకముందే పీకి చూస్తాయి, నచ్చకపోతే పారేసి పక్క చెట్టు పీకుతాయి, చూసినంత మేరా పీకుతాయి. 2025 డిసెంబర్ సర్పంచ్ ఎన్నికల్లో ఎన్నో ఊళ్లలో రోడ్డూ కాదు, మోరీలూ కాదు, కోతులను పట్టిస్తామన్నదే పెద్ద హామీ. కొన్ని చోట్ల కొండెంగను తెచ్చి తిప్పుతారు, దాన్ని చూసి కోతులు పోతాయని. పోతాయి, పక్క ఊరికి పోతాయి, ఆ ఊరివాళ్లూ ఒక కొండెంగను తెచ్చాక తిరిగి మా దగ్గరికే వస్తాయి. ఇంత జరుగుతుంటే కార్టూన్‌లో కోతుల పాట పెట్టి, మనవడితో సహా డాన్సు చేయిస్తున్నారు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. నీళ్ల భాగం దగ్గర ఓర్చుకోలేకపోయాను.

1895లో వచ్చిన రెండో పుస్తకంలో ఈ ముచ్చట ఉంది. వానలు పడవు, వాగు ఎండుతుంది, ఎండి ఎండి నడుమ ఒక పొడుగాటి రాయి బయటపడుతుంది. ఆ రాయిని చూడగానే పెద్ద ఏనుగు తొండమెత్తి అరుస్తుంది. అంతే, ఆ క్షణం నుంచి నీళ్ల దగ్గర ఎవరూ ఎవరినీ చంపడానికి లేదు. పులి ఒక దిక్కు తాగాలి, జింక ఒక దిక్కు తాగాలి, బక్కచిక్కిన పందులూ బర్రెలూ వచ్చి తాగాలి, మాట తప్పినవాడికి చావే శిక్ష. పులితో సహా అందరూ దానికి కట్టుబడతారు. సంతకాల్లేవు, టీఎంసీల్లేవు, ఏనుగు లెక్కల కాగితాలు అడగదు.

మా దుందుభి వాగులో రాయి బయటపడటం వింత కాదు, ఏడాదిలో సగం రోజులు అక్కడ కనపడేదే రాయి. అదే లెక్కన ఏనుగు అరవాల్సి వస్తే దాని గొంతు ఎప్పుడో పోయేది. కృష్ణ మా జిల్లాల పక్కనుంచే పోతుంది, ఎప్పుడూ పోతూనే ఉంది. 1976లో గెజిట్‌కెక్కిన బచావత్ ట్రిబ్యునల్ తీర్పు ప్రకారం ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీలు. రాష్ట్రం రెండయ్యాక 2015లో కూర్చుని తెలంగాణకు 299, ఆంధ్రకు 512 అని తాత్కాలికంగా, ఆ ఒక్క ఏడాదికని రాసుకున్నారు, ఆ ఒక్క ఏడాది ఏళ్లకేళ్లు సాగింది. 2004లో వేసిన రెండో ట్రిబ్యునల్‌కు 20 ఏళ్లు దాటిపోయాయి. అప్పుడు పుట్టిన పిల్లలు డిగ్రీ అయిపోయి గ్రూప్స్ కోచింగులో కృష్ణా జలాల వివాదం అనే చాప్టర్ చదువుకుంటున్నారు.

మనవడికి ఇదంతా చెప్పే ఉద్దేశం నాకు లేదు. వాడే అడిగాడు, మన దగ్గర నీళ్ల కోసం కొట్టుకోరా అని. అబద్ధం చెప్పలేక 2023 నవంబర్ సంగతి చెప్పాను. తెల్లారితే మాకు అసెంబ్లీ ఎన్నికలు. 29వ తేదీ అర్ధరాత్రి ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యామ్ మీదికి వచ్చి 26 గేట్లలో 13వ గేటు దాకా మావే అని ముళ్లకంచె వేశారు, ఇటునుంచి మన పోలీసులు పోయారు, డ్యామ్ నడి నెత్తిన రెండు రాష్ట్రాల లాఠీలు ఎదురెదురుగా నిలబడ్డాయి, ఆఖరికి కాపలాకు సీఆర్పీఎఫ్ వాళ్లను దించారు. తప్పు వాళ్లదని మనం అంటాం, మనదని వాళ్లు అంటారు, నీళ్లు మాత్రం ఏమీ అనవు.

అంతా విని వాడు అడిగింది ఒక్కటే. "మరి ఏనుగు ఎందుకు అరవలేదు తాతా?"

నల్లమలలో ఏనుగులు లేవు బిడ్డా అన్నాను. ఇంతకన్నా సాంకేతికంగా సరైన జవాబు ఏ ఇంజనీరూ ఇవ్వలేడు.

ఇక విలన్. పులిగారి డిమాండ్ కథ మొత్తంలో ఒక్కటే, మనిషి పిల్ల అడవిలో ఉండొద్దు. దానికోసం పుట్టుకతో వచ్చిన కుంటికాలు ఈడ్చుకుంటూ, తోడేళ్లలో కుర్రవాళ్లను మచ్చిక చేసుకుని, ఏళ్లకేళ్లు కుట్రలు చేసి, చివరికి పిల్లాడు నిప్పుల కుండ తెచ్చేసరికి తోక ముడుస్తుంది. ఎంత వెనకబడిన పులి! మా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు, ఇక్కడి పులి అంత కష్టపడదు. రాత్రి 9 కొట్టిందంటే దానికి ఇబ్బంది కాకుండా మన్ననూర్ దగ్గర శ్రీశైలం రోడ్డుకు గేటు వేస్తారు, పొద్దున 6 దాకా ఎంత మొక్కుబడి ఉన్నవాడైనా ఆగాల్సిందే. లోపల పెంటల్లో, అంటే అడవి గూడేల్లో, చెంచులు ఉన్నారు, తరతరాలుగా ఆ పులితో ఒకే వాగులో నీళ్లు తాగినవాళ్లు, మోగ్లీ 52 భాగాల్లో నేర్చుకున్నది ఆ పిల్లలకు బడి ముఖం చూడకముందే వస్తుంది. వాళ్లు బయటికి పోవాలంటే పులి గాండ్రించనక్కర్లేదు. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ, ఒక ఫైలు, ఆ ఫైలు మీద 'స్వచ్ఛందంగా' అనే ఒక మాట చాలు. నిప్పుల కుండ చూపించి ఫైలును బెదిరించిన చెంచు ఇంతవరకు లేడు. పులులంటే నాకు పగ లేదు, వాటి సంఖ్య పెరిగిందంటే పేపర్ చూసి సంతోషపడేవాణ్నే. కథలో పులికి పరిపాలన తెలియదని మాత్రమే నా బాధ.

ఇది రాసిన కిప్లింగ్ గురించీ కాస్త చూశాను, ఏదైనా దొరికితే పిటిషన్‌కు జత చేద్దామని. 1865లో బొంబాయిలో పుట్టాడట. ఐదేళ్లు దాటగానే ఆయన్నూ చెల్లెల్నీ ఇంగ్లండ్ తీసుకుపోయి, డబ్బు తీసుకుని పిల్లల్ని ఉంచుకునే ఒక ఇంట్లో వదిలి, అమ్మానాన్న తిరిగి వచ్చేశారు. అక్కడ దాదాపు ఆరేళ్లు. ఆ ఇంటామె పెట్టిన బాధలు తర్వాత ఆయనే రాసుకున్నాడు. అట్లా మనుషుల దగ్గర పెరిగినవాడు తోడేళ్ల దగ్గర పెరగడం ఎంత హాయో రాశాడు, రాయడా మరి.

మా దగ్గర బొంబాయి కథ తలకిందులుగా నడిచింది. నారాయణపేట, కోస్గి, మక్తల్ దిక్కు వాళ్లు పిల్లాడిని అవ్వ దగ్గర వదిలి తామే బొంబాయి బస్సెక్కారు. మా దగ్గరా గుంపు ఉంది, దానికి కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఉన్నాడు, ఆయనిచ్చిన అడ్వాన్సు తీరేదాకా ఆ గుంపు చట్టమే చట్టం. పిల్లాడి తరఫున మాట్లాడడానికి మాత్రం ఒక గుడ్డెలుగూ ఒక చిరుతా రాలేదు. ఈ పేరా పిటిషన్‌లో పెట్టాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించాను. ఉంచాను.

కార్టూన్ ఆపడం కుదరదంటే కనీసం సిగరెట్ సీన్లకు వేసినట్టు కింద ఒక లైను వేయాలి: ఇందులో చూపిన న్యాయం పూర్తిగా కల్పితం, మనుషులు ఇంటి దగ్గర ప్రయత్నించరాదు. ఎందుకంటే మనం ఒకరినొకరు తిట్టుకోవడానికి 'ఆటవిక న్యాయం' అనే మాట వాడుతున్నాం, ఆ తిట్టు కూడా చేతిలోంచి పోతే అసెంబ్లీలో ఏం మాట్లాడతారు?

నిన్న సాయంత్రం పిటిషన్ చివరి పేజీ రాస్తుంటే డాబా మీద చప్పుడైంది. పోయి చూస్తే నీళ్ల ట్యాంకు మీద గండుకోతి, కింద మావాడు, చేతిలో బిస్కెట్ ప్యాకెట్. భయం లేదు వాడికి. గుడ్డెలుగు సారు నేర్పిన మంత్రం ఉంది కదా, ఏ జంతువైనా ఆగిపోయే మాట, అది గట్టిగా అన్నాడు: "నువ్వూ నేనూ ఒకటే రక్తం!"

కోతి ఆగింది. తల వంచి వాడిని చూసింది. తర్వాత దిగి వచ్చి, ప్యాకెట్ లాక్కుని, ట్యాంకు ఎక్కి కూర్చుంది. ఒకటే రక్తం అని పదిమందిలో ఒప్పుకున్నాక వాటా తీసుకోకుండా ఎవరుంటారు? మా అన్నదమ్ముల్లో ఎవరైనా ఉన్నారా?

చినిగిన ప్యాకెట్‌లోంచి రెండు బిస్కెట్లు కింద పడ్డాయి. వాడు వాటిని ఏరుకుని, ఏడుపు ఆపుకుంటూ నా దిక్కు చూశాడు. "దానికి అన్ని, మనకు రెండేనా తాతా?"

ఇప్పటికి తాత్కాలికంగా ఇట్లా సర్దుకో బిడ్డా, ట్రిబ్యునల్‌లో వేద్దాం అన్నాను.