సున్నా ఎక్కడ?

అమ్మ నిన్నటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆ ఖాళీలో ఇది రాస్తున్నాను.

బావ బొబ్బిలిలో ఇల్లు కట్టాడు. గుమ్మం మీదికి ‘శ్రీ పైడితల్లి నిలయం’ అని పలక చెక్కి ఇస్తానని నోరు జారాను. నా దగ్గర 3018 సీఎన్‌సీ ఉంది, కంప్యూటర్ చెప్పినట్టు చెక్క మీద చెక్కే, టీపాయ్ మీద పట్టేంత మెషిన్.

దీంతో గొడవంతా సున్నాల దగ్గరే, అంటే కొలత మొదలయ్యే చోటు దగ్గరే. మెషిన్‌కి ఒక సున్నా, పనికి ఇంకో సున్నా. నా దానికి అంచు తగిలిందని చెప్పే లిమిట్ స్విచ్‌లు లేవు కాబట్టి, ఆన్ చేసినప్పుడు బిట్టు (తిరుగుతూ చెక్కే ములుకు) ఎక్కడ నిలబడి ఉంటే అదే మెషిన్ సున్నా. చెక్క మూలకు తెచ్చి మనం పెట్టుకునేది పని సున్నా, జీ54 అంటారు. విజయనగరంలో దారి చెప్పేవాళ్లకి ఇది కొత్తేం కాదు. నాకు గంటస్తంభం సున్నా, బస్సు దిగే అత్తకి కాంప్లెక్స్ సున్నా. ఇద్దరం ‘ఎడమకి తిరుగు’ అనే అంటాం, చెరో సందులో తేలతాం. పైగా బిట్టుని మన నుంచి దూరంగా జరపమని వై ప్లస్ నొక్కితే ఇందులో బిట్టు కదలదు, కింద బల్లే మన మీదికి వస్తుంది. మొదటి రోజు కుర్చీ వెనక్కి లాక్కున్నాను.

‘బిట్టు కింద కాగితం పెట్టండి, అది బిగుసుకోగానే జెడ్ (ఎత్తు) సున్నా కొట్టండి, అంతే’ అన్నాడు వీడియోలో ఒకాయన. ఆయన ఊళ్లో కరెంటు పోదు కాబోలు.

6 మి.మీ. ప్లైవుడ్ బిగించాను. కింద వేయడానికి పాత చెక్క దొరక్క అమ్మ కూరలు తరిగే చెక్క వేశాను. చెక్కేది 2 మి.మీ. లోతే కదా!

‘శ్రీ’ ముత్యంలా వచ్చింది. ‘పై’ చెక్కుతుండగా కరెంటు పోయింది. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, మా వీధికి ఇది మామూలే. గది చీకటి. లాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద వెలుగుతోంది, తెర మీద ఎర్రచుక్క ‘పై’ చుట్టూ హాయిగా నడుస్తోంది.

“చూశావా బావా, కరెంటు పోయినా ఆగదు!” అన్నాను.

ఈ మాట నేను అన్నానని ఒప్పుకోవడానికి ఒక రాత్రి పట్టింది.

“మరి సప్పుడేదిరా?” అన్నాడు బావ.

చప్పుడు ఎక్కడినుంచి వస్తుంది? మెషిన్‌ని నడిపే బోర్డుకి కరెంటు లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి వస్తుంది, మోటార్లకి గోడ నుంచి. బోర్డు లెక్కల్లో ‘పై’ పూర్తయింది, బిట్టు ప్లైవుడ్ మీద 5 మి.మీ. ఎత్తుకి లేచింది, ‘డి’ దగ్గరికి బయల్దేరింది. అసలు బిట్టు మాత్రం ‘పై’లోనే 2 మి.మీ. లోతున, దిగాల్సిన స్టాపు దాటినా నిద్రపోతున్న ప్రయాణికుడిలా ఉంది. అది నిజంగా కదిలిందో లేదో చూసుకునే కళ్లు ఈ బోర్డుకి లేవు. పంపిన అడుగులు లెక్కపెట్టుకోవడమే దాని పని. కాగితం మీద పనులు పూర్తిచేసే ఆఫీసులు నాకు తెలుసు, కానీ దాన్ని నేనే డబ్బులిచ్చి ఇంట్లో పెట్టుకున్నాను.

కరెంటు వచ్చింది. బోర్డు దృష్టిలో గాల్లో ఉన్న బిట్టు, ప్లైవుడ్‌ని చీరుకుంటూ ‘డి’కి వెళ్లి, అక్కడ ఇంకో 7 మి.మీ. దిగింది. రెండూ ఏడూ తొమ్మిది. ప్లైవుడ్ ఆరు. మిగిలిన మూడు ఎవరి చెక్కలోకి వెళ్లాయో చెప్పక్కర్లేదు. కీచుమని అరుపు, కాలిన వాసన. నేను తెర చూస్తున్నాను, అందులో అంతా సవ్యంగానే ఉంది.

‘డి’ వెళ్లి ‘పై’ మీద కూర్చుంది. ఆ తర్వాత అక్షరాలన్నీ లావుగా, ఒకదాన్నొకటి గీతతో పట్టుకుని ఉన్నాయి. రీసెట్ నొక్కేసరికి ‘తల్లి’ దాటింది.

బావ పలకని వెలుతురులో తిప్పి చూశాడు. “మా తాత కరణీకంలో గొలుసుకట్టు ఇలాగే రాసీవోడు” అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో తెలీదు. పలక మాత్రం పట్టుకెళ్లలేదు.

ఇవాళ పొద్దున్న వంటింట్లో అమ్మ చాకు మొనతో ఏదో గోకుతోంది.

“ఏటమ్మా?”

“నీ ‘ల్లి’లో పచ్చిమిరపకాయ ఇరుక్కుంది.”