షాఫ్టు పొడుగైతే స్పీడు పెరుగుద్దా?

కొత్తపట్నం నుంచి మైపాడు దాకా ఫైబర్ బోట్ల వాళ్ల వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతోంది: "ఔట్‌బోర్డ్ మోటారుకు షాఫ్టు ఎంత పొడుగుంటే అంత మేలు. ఫ్యాను లోతున తిరిగితే స్పీడొస్తుంది. పెద్ద బోటుకు పొడుగు షాఫ్టే వేయాలి. తేడా వస్తే చెక్క పెట్టుకుంటే సరి." ఇందులో కాస్తో కూస్తో నిజమున్నది ఆఖరి ముక్కలోనే.

ఔట్‌బోర్డ్ అంటే బోటు వెనక పలకకు బయట తగిలించే మోటారు. షాఫ్టంటే దాని నుంచి నీళ్లలోకి దిగే కాలు, ఫ్యానంటే ఆ కాలి చివర తిరిగే ప్రొపెల్లర్. ముందు లోతు సంగతి. ఫ్యానుకు పైన అడ్డంగా ఒక రెక్క ఉంటుంది చూడండి, అది బోటు అడుగుకు సమంగానో, అంగుళం కిందగానో ఉంటే చాలు. ఇంకా దించితే పట్టేమీ పెరగదు. నీళ్లను చీల్చుకుంటూ పోవాల్సిన కాలు పెరిగి స్పీడు తగ్గుతుంది, ఆయిల్ ఎక్కువ తాగుతుంది. పైగా ఇసుక మీదికే బోటు ఎక్కించే మన ఒడ్డున, ఆ అదనపు పొడవే ముందు ఇసుకలో దిగబడేది.

ఈ నమ్మకం లాంగ్ టెయిల్ డీజిల్ ఇంజన్ల నుంచి వచ్చినట్టుంది. వాటి షాఫ్టు వెనక్కి ఏటవాలుగా సాగుతుంది, లోతు చేత్తోనే సర్దుకోవచ్చు. ఔట్‌బోర్డ్ కాలు నిటారుగా దిగుతుంది. ఆ లెక్క దీనికి పనికిరాదు.

ఇక పెద్ద బోటు మాట. షాఫ్టుకు బోటు పొడవుతో పన్లేదు, హార్స్ పవర్‌తోనూ పన్లేదు. 9.9 హార్స్ పవర్ మోటారే 15 అంగుళాల్లోనూ, 20లోనూ దొరుకుతుంది. చూడాల్సింది వెనక పలక ఎత్తు. క్లాంపు కూర్చునే అంచు నుంచి బోటు అడుగు దాకా, సరిగ్గా నడిమధ్యన టేపు పట్టండి. అడుగు వీ ఆకారంలో ఉంటే పక్కన కొలిచిన కొలత తక్కువ చూపిస్తుంది. 15 దరిదాపుల్లో వస్తే షార్ట్, 20 అయితే లాంగ్, 25 అయితే ఎక్స్‌ట్రా లాంగ్.

చెక్క విషయానికొస్తే, షాఫ్టు అంగుళం ఎక్కువైనప్పుడు పలక మీద గట్టి చెక్క వేసి మోటారును పైకి జరపొచ్చు, కాదనను. పొట్టిదైతే? చెక్క దాన్ని ఇంకా పైకి లేపుతుంది! అల మీద బోటు వెనక భాగం లేచినప్పుడల్లా ఫ్యాను గాలి మింగుతుంది, ఇంజన్ అరుస్తుంది, బోటు మాత్రం ముందుకు పోదు. చల్లబరిచే నీళ్లు లాగే రంధ్రాలు పైకి తేలితే ఇంజన్ కాలిపోతుంది. దానికి పలక కోసేయమనే మేస్త్రీలూ ఉన్నారు. వెనక నుంచి వచ్చే అల లోపల పడకుండా ఆపేది ఆ పలకే కదా! పొట్టి షాఫ్టు వచ్చిందా, బిగించకముందే షాపుకు తీసుకెళ్లి మార్చుకోండి.