సవరణ: బాల్కన్ రూట్‌లో రెండు తప్పులు రాశా

మొన్న పెట్టిన ప్లాన్‌లో అల్బేనియాలోని ష్కోడర్ నుంచి కోమన్ లేక్ ఫెర్రీ, వాల్బోనా, అక్కణ్ణుంచి కార్లోనే థేథ్, తర్వాత కొసొవోలో ప్రిజ్రెన్, అట్నుంచటే సెర్బియా అన్నా కదా, సారీ, అలా కుదరదు.

వాల్బోనాకీ థేథ్‌కీ మధ్య కారు రోడ్డే లేదు, కొండ మీంచి నడకదారే, మ్యాప్‌లో పక్కపక్కనే కనిపించేసరికి తొందరపడ్డా. థేథ్‌కి ష్కోడర్ నుంచి విడిగా వెళ్లి రావాలి.

అసలు పెద్ద తప్పు రెండోది. కొసొవోని సెర్బియా వేరే దేశంగా ఒప్పుకోదు, అందుకని అల్బేనియా నుంచి కొసొవోలోకి దిగి నేరుగా సెర్బియా బోర్డర్‌కి పోతే వాళ్ల ఎంట్రీ స్టాంప్ లేదని వెనక్కి పంపేయొచ్చు. కాబట్టి కొసొవోలోని పేయా నుంచి మాంటెనెగ్రోలో రోజాయే మీదుగా సెర్బియాలోని నోవి పజార్‌కి పోండి. చుట్టే అనుకోండి, కానీ మనకేం తొందర?